దుబాయి ఎంత దూరం? – ఒక లెక్క, ఒక పాఠం



మన మహమ్మద్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళలో "దుబాయి" అంటే ఒక్క ఊరు కాదు. సౌదీకి పోయినా, కువైట్‌కు పోయినా, మస్కట్‌కు పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు పనికోసం పోవడం కొన్ని దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. మనలో కొందరి నాయినలు, కొందరి అన్నలు ఇప్పుడు అక్కడే ఉన్నారు.

"దుబాయి ఎంత దూరం?" అని ఏ పిల్లవాణ్ణి అడిగినా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. ఒకటి, "శానా దూరం సార్". రెండోది, "విమానంల నాలుగు గంటలే సార్". మొదటి జవాబులో లెక్క లేదు. రెండో జవాబులో లెక్క ఉంది గాని అది సగం లెక్క. ఈ వ్యాసంలో పూర్తి లెక్క చేద్దాం. ఇందుకు కావలసినవి ఒక గ్లోబు, ఒక దారం, ఒక స్కేలు, ఒక అట్లాసు, పదో తరగతి గణితం. ఇంతకు మించి ఏమీ అక్కరలేదు.

1. దారంతో కొలత

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి దూరం కొలిస్తే తప్పు వస్తుంది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు కొన్ని చోట్ల సాగుతుంది, కొన్ని చోట్ల ముడుచుకుంటుంది. కాబట్టి గ్లోబు మీద కొలవాలి.

మన గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చుట్టుకొలత 30 × 3.14 = 94.2 సెంటీమీటర్లు. నిజమైన భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. ఇంత గుండు సంఖ్య రావడం యాదృచ్ఛికం కాదు. ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 1790లలో మీటరును నిర్ణయించినప్పుడు ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతును ఒక మీటరుగా తీసుకున్నారు. ఆ దూరం కోటి మీటర్లు, అంటే 10,000 కిలోమీటర్లు. అటువంటివి నాలుగైతే భూమి చుట్టూ ఒక చుట్టు.

40,000ను 94.2తో భాగిస్తే సుమారు 425 వస్తుంది. అంటే మన గ్లోబు మీద ఒక సెంటీమీటరు 425 కిలోమీటర్లకు సమానం. ఇప్పుడు దారం ఒక కొసను హైదరాబాదు మీద, రెండో కొసను దుబాయి మీద ఉంచి బిగించి లాగండి. ఆ దారాన్ని స్కేలు మీద పెడితే సరిగ్గా 6 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది.

6 × 425 = 2,550 కిలోమీటర్లు.

బిగించిన దారం ఏ దారిన పడుకుంటుందో గోళం మీద అదే అన్నిటికంటే దగ్గరి దారి. దానినే మహావృత్త మార్గం అంటారు. మన దారం మహారాష్ట్ర మీదుగా పోయి, ముంబయి పరిసరాలు దాటి, సౌరాష్ట్ర అంచును తాకుతూ అరేబియా సముద్రంలోకి దిగుతుంది. ఆ తర్వాత ఒమాన్ తీరం, ఆపైన దుబాయి.

2. కాగితం మీద లెక్క

గ్లోబు దొరకనివారు అక్షాంశ రేఖాంశాలతో ఇదే లెక్క చేయవచ్చు. షంషాబాదు విమానాశ్రయం సుమారు 17¼ డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దుబాయి విమానాశ్రయం సుమారు 25¼ డిగ్రీల ఉత్తర అక్షాంశం, 55.4 డిగ్రీల తూర్పు రేఖాంశం.

అక్షాంశాల తేడా 8 డిగ్రీలు. రేఖాంశాల తేడా 23 డిగ్రీలు.

భూమి చుట్టూ 360 డిగ్రీలు కాబట్టి ఒక డిగ్రీకి 40,000 ÷ 360 = సుమారు 111 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణ దిశలో ఇది ఎక్కడైనా దాదాపు ఇంతే. కావున 8 × 111 = 888 కిలోమీటర్లు.

తూర్పు పడమరల లెక్క వేరు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరంగా ఉండి ధ్రువాల దగ్గరికి పోయే కొద్దీ దగ్గరికి వస్తాయి. కాబట్టి 111ను ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. రెండు నగరాలకు నడుమ అక్షాంశం 21¼ డిగ్రీలు. దాని కొసైన్ 0.932. అప్పుడు ఒక డిగ్రీకి 103.5 కిలోమీటర్లు. 23 × 103.5 = సుమారు 2,380 కిలోమీటర్లు.

ఇప్పుడు ఒక లంబకోణ త్రిభుజం గీయండి. నిలువు భుజం 888, అడ్డ భుజం 2,380. కర్ణమే మనకు కావలసిన దూరం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం:

888 వర్గం = 7,88,544
2,380 వర్గం = 56,64,400
మొత్తం = 64,52,944
దీని వర్గమూలం = సుమారు 2,540 కిలోమీటర్లు

దారం చెప్పిన 2,550కి, ఈ లెక్కకు తేడా 10 కిలోమీటర్లే. అంకెలను గుండు చేశాం, గుండ్రని భూమిని చదునుగా అనుకున్నాం. అయినా తప్పు వేయింటికి నాలుగు మాత్రమే. "త్రికోణమితి ఎందుకు పనికొస్తుంది సార్?" అని అడిగే తమ్ముళ్ళకు ఇదొక జవాబు.

3. ఇది దగ్గరా, దూరమా?

పోల్చి చూస్తేనే దూరం తెలుస్తుంది. హైదరాబాదు నుండి కొన్ని నగరాలకు ఆకాశమార్గ దూరం, మన గడియారంతో వాటి తేడా ఈ విధంగా ఉన్నాయి.

కొలంబో (శ్రీలంక): సుమారు 1,130 కి.మీ. – తేడా లేదు
ఖాట్మండు (నేపాల్): సుమారు 1,360 కి.మీ. – మనకంటే 15 నిమిషాలు ముందు
కరాచీ (పాకిస్తాన్): సుమారు 1,450 కి.మీ. – మనకంటే అరగంట వెనుక
మస్కట్ (ఒమాన్): సుమారు 2,210 కి.మీ. – గంటన్నర వెనుక
దుబాయి (యు.ఎ.ఇ.): సుమారు 2,550 కి.మీ. – గంటన్నర వెనుక

ఒమాన్‌కు, మనకు నడుమ అరేబియా సముద్రమే ఉంది. అందుకే దానిని సముద్రం అవతలి పొరుగు దేశం అంటారు. దుబాయి దాని పక్కనే. సోషల్ పాఠంలో మన దేశం ఉత్తరం నుండి దక్షిణానికి 3,214 కిలోమీటర్లు, తూర్పు నుండి పడమరకు 2,933 కిలోమీటర్లు అని చదువుకున్నాం. అంటే మన దేశం ఒక కొస నుండి మరో కొసకు ఉన్న దూరం కంటే హైదరాబాదు నుండి దుబాయికి ఉన్న దూరమే తక్కువ. "శానా దూరం" అన్న జవాబు ఇక్కడ నిలబడదు.

4. విమానానికి ఎంత సేపు?

పెద్ద జెట్ విమానం పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 2,550 ÷ 850 = 3. సరిగ్గా మూడు గంటలు! మరి టికెట్టు మీద దాదాపు నాలుగు గంటలు అని ఎందుకు రాస్తారు?

మొదటి కారణం: విమానం గుమ్మం దగ్గర నుండి కదిలి రన్‌వే చేరాలి, పైకెక్కాలి, చివర్లో నెమ్మదిగా దిగాలి. అప్పుడు 850 వేగం ఉండదు. పైగా ఆకాశంలో నిర్ణయించిన దారులుంటాయి, దారంలాగా తిన్నగా పోనివ్వరు. వీటన్నిటికీ 40 నిమిషాలు కలపండి.

రెండో కారణం గాలి. శీతాకాలంలో మన దేశపు ఉత్తర భాగం మీద, ఆ ఎత్తులో పడమర నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. దుబాయి పోయే విమానం ఈ గాలికి ఎదురీదుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుండి నెడుతుంది. చెరువులో గాలివాటుకు తెప్ప నడిపినవారికి ఇది చెప్పనక్కరలేదు.

గాలి వేగం గంటకు 50 కిలోమీటర్లు అనుకుందాం.

పోయేటప్పుడు: 850 – 50 = 800. సమయం 2,550 ÷ 800 = 3 గంటల 11 నిమిషాలు.
వచ్చేటప్పుడు: 850 + 50 = 900. సమయం 2,550 ÷ 900 = 2 గంటల 50 నిమిషాలు.

ఇంతకు ముందు చెప్పిన 40 నిమిషాలు కలిపితే పోవడానికి సుమారు 3 గంటల 50 నిమిషాలు, రావడానికి మూడున్నర గంటలు. విమాన సంస్థల పట్టికలు కూడా ఇంచుమించు ఇదే చెప్తాయి.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. గాలి లేకుంటే పోను రాను ఆరు గంటలు. గాలి ఉంటే 3 గంటల 11 నిమిషాలు, 2 గంటల 50 నిమిషాలు కలిపి 6 గంటల 1 నిమిషం. పోయేటప్పుడు గాలి తిన్నదంతా వచ్చేటప్పుడు తిరిగి ఇవ్వదు. ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది, తోడుగాలిలో తక్కువ సేపు ఉంటుంది. గాలి ఎంత పెరిగితే ఈ నష్టం అంత పెరుగుతుంది.

వానాకాలంలో లెక్క మారుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుండి పడమరకు గాలులు వీస్తాయి. అప్పుడు పోను, రాను సమయాల తేడా తగ్గిపోతుంది.

దేశాల మధ్య తగాదాలు కూడా విమాన సమయాన్ని మారుస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది. అప్పుడు ఢిల్లీ నుండి గల్ఫ్ పోయే మన విమానాలు గుజరాత్ వైపుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. హైదరాబాదు దారి దక్షిణంగా సముద్రం మీదుగా ఉన్నందున దానికి అంత చుట్టు పడలేదు.

5. గడియారం చేసే మాయ

దుబాయి నుండి వచ్చినవాళ్ళు ఒక మాట అంటుంటారు. "పోయేటప్పుడు రెండున్నర గంటల్ల దిగినం, వచ్చేటప్పుడు అయిదు గంటలు పట్టింది." ఇది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

ఉదయం 10 గంటలకు హైదరాబాదులో బయలుదేరిన విమానం నాలుగు గంటలు పోయిందనుకుందాం. మన గడియారంలో మధ్యాహ్నం 2. అక్కడి గోడ గడియారంలో 12:30. పది నుండి పన్నెండున్నరకు రెండున్నర గంటలే కదా!

తిరుగు ప్రయాణంలో రాత్రి 10 గంటలకు అక్కడ బయలుదేరి మూడున్నర గంటలు వస్తే దుబాయి గడియారంలో రాత్రి 1:30. మన గడియారంలో తెల్లవారుజాము 3:00. పది నుండి మూడుకు అయిదు గంటలు!

ఈ గంటన్నర ఎక్కడిది? భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల రేఖాంశం. ఇది కాకినాడకు దగ్గరగా పోతుంది. దుబాయి, మస్కట్ గడియారాలకు ఆధారం 60 డిగ్రీల రేఖాంశం. తేడా 22½ డిగ్రీలు. 22½ × 4 = 90 నిమిషాలు.

నిజమైన సూర్యుడి లెక్క చూస్తే హైదరాబాదుకు, దుబాయికి 23 డిగ్రీల తేడా, అంటే 92 నిమిషాలు. గడియారం సూర్యుడికి రెండు నిమిషాల దూరంలోనే నడుస్తున్నది.

హాస్టల్లో రాత్రి 8 గంటలకు స్టడీ అవర్ గంట మోగినప్పుడు అక్కడ సాయంత్రం 6:30. అప్పుడే పని దిగి, బస్సులో క్యాంపుకు పోయే సమయం. ఫోను ఎత్తలేదని మనసు కష్టపెట్టుకునే ముందు గంటన్నర తీసివేసి చూడండి. ఆ తీసివేతలో వాళ్ళ రోజు మీకు కనబడుతుంది.

6. ఇంటి గడప నుండి లెక్క

ఇంతవరకు విమానం లెక్క. మనిషి మాత్రం రన్‌వే మీద పుట్టడు, రన్‌వే మీద బతకడు. మన ఊరి నుండి ఎల్లారెడ్డి, కామారెడ్డి మీదుగా షంషాబాదు చేరాలంటే రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. బస్సులు మారుతూ పోతే అయిదు గంటలు అనుకుందాం. విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరాలి. విమానంలో నాలుగు గంటలు. దిగాక పాస్‌పోర్టు తనిఖీ, సామాను, గది చేరడం కలిపి రెండు గంటలు.

5 + 3 + 4 + 2 = 14 గంటలు.

దూరం 2,550 + 200 = 2,750 కిలోమీటర్లు. సగటు వేగం 2,750 ÷ 14 = గంటకు సుమారు 196 కిలోమీటర్లు. 850 వేగం ఉన్న విమానం ఎక్కినా ఇంటి నుండి గదికి మన వేగం 196 మాత్రమే. ఆకాశంలో పట్టిన దానికంటే షంషాబాదు చేరడానికే ఎక్కువ సమయం పట్టింది.

వెనుకటి వారికి ఇదీ లేదు. షంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు బేగంపేట. అంతకంటే ముందు తరం వారిలో చాలామంది బొంబాయి పోయి అక్కడి నుండే విమానం ఎక్కేవారు. బొంబాయి నుండి గల్ఫ్‌కు ఓడలు కూడా నడిచేవి. ఆ దారిన నడిచిన "ద్వారక" అనే ప్రయాణికుల ఓడ 1982లో ఆగిపోయింది. ఓడలో రోజుల తరబడి సాగే ప్రయాణం ఇప్పుడు నాలుగు గంటలైంది. దూరం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 2,550 కిలోమీటర్లే.

7. లెక్కలోకి రాని దూరం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దుబాయి నాలుగు గంటలే అయితే, పోయినవారు రెండేళ్ళకు గాని ఎందుకు రారు?

సాధారణంగా పని ఒప్పందం రెండేళ్ళు ఉంటుంది. రెండేళ్ళంటే 730 రోజులు, 17,520 గంటలు. అందులో పోను రాను విమానం ఏడున్నర గంటలు. మిగతా గంటలన్నీ అక్కడే. ఇంట్లో పెళ్ళి జరిగినా, చావు జరిగినా రావడానికి అడ్డుపడేది సముద్రం కాదు. సెలవు, టికెట్టు డబ్బు, అన్నిటికంటే ముందు అప్పు.

ఒకరు లక్ష రూపాయల అప్పు తెచ్చి పోయారనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 2,000. ఏడాదికి 24,000. రెండేళ్ళు అసలు కట్టలేకపోతే వడ్డీయే 48,000. అంటే లక్ష తీరడానికి లక్షన్నర దాకా పంపాలి. ఈ దూరాన్ని కిలోమీటర్లలో కాదు, నెలల్లో కొలవాలి. "నాలుగు గంటలే, పక్క ఊరు లెక్క" అని చెప్పే ఏజెంటు విమానాన్ని మాత్రమే లెక్క పెడుతున్నాడు. మనం అడగవలసింది వేరు. జీతం ఎంత? చేతికి వచ్చేది ఎంత? అప్పు ఎన్ని నెలల్లో తీరుతుంది? వీసా పనిదా, విజిటా? ఒప్పందం కాగితం మీద ఉందా?

పదో తరగతి చదివే తమ్ముళ్ళు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణంగా పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఈ.సి.ఆర్. తరగతిలోకి వస్తుంది. వారు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. ఇది 1983 ఎమిగ్రేషన్ చట్టంతో వచ్చిన పద్ధతి. ఈ అనుమతి అడ్డంకి కాదు, రక్షణ. దీనిని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపితే ఆ రక్షణ పోతుంది. పది పాసైనవారికి ఈ అనుమతి అక్కరలేదు గాని, ఒప్పందం చదివి సంతకం చేయవలసిన బాధ్యత వారికీ ఉంది. పది పాసైనవాడు ఒప్పందం చదవగలడు, వడ్డీ లెక్క వేయగలడు, "వద్దు" అని కూడా అనగలడు.

పోవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ డబ్బుతోనే మన ఊళ్ళలో ఇళ్ళు లేచాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి, మనలో కొందరి ఫీజులు కట్టారు. పోయేవారు దూరం మొత్తం తెలిసి పోవాలి. ఉండేవారు కూడా ఆ దూరాన్ని తెలుసుకొని ఉండాలి.

8. మీరే చేయండి

1. మస్కట్ 23.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 58.3 డిగ్రీల తూర్పు రేఖాంశం. షంషాబాదు 17.2, 78.4 అని తీసుకొని దూరం కనుక్కోండి. తూర్పు పడమరలకు ఒక డిగ్రీ 104 కి.మీ. అనుకోండి.

2. మస్కట్‌లో రాత్రి 11 గంటలకు బయలుదేరిన విమానం మూడు గంటలు ప్రయాణించింది. హైదరాబాదు గడియారంలో ఎప్పుడు దిగుతుంది?

3. దుబాయిలో ఉన్న అన్న "నా టైం ఏడు గంటలకు ఫోన్ చేస్తా" అన్నాడు. హాస్టల్ గడియారంలో ఎన్ని గంటలకు ఎదురుచూడాలి?

4. గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లయితే 2,550 కి.మీ. పోను, రాను ఆకాశంలో పట్టే సమయం ఎంత? గాలి లేనప్పటి కంటే మొత్తం ఎంత ఎక్కువ?

జవాబులు: 1. సుమారు 2,210 కి.మీ. 2. తెల్లవారుజాము 3:30. 3. రాత్రి 8:30, అనగా స్టడీ అవర్ మధ్యలో. ముందుగా వార్డెన్ సారును అడిగి ఉంచుకోండి. 4. పోను 3 గంటల 24 నిమిషాలు, రాను 2 గంటల 41 నిమిషాలు. మొత్తం సుమారు 5 నిమిషాలు ఎక్కువ.

అయిదో ప్రశ్నకు జవాబు ఇక్కడ ముద్రించలేము. మీ ఇంటి నుండి ఎవరైనా పోయి ఉంటే, వారు ఉన్న ఊరి పేరు సరిగ్గా అడిగి తెలుసుకోండి. దానిని అట్లాసులో వెతికి, దారం పెట్టి కొలిచి, వచ్చిన దూరం మీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ అంకె వారికి చెప్పండి.